పాత దేవిడీలో ఎన్ని బెడ్లు పడతాయి?

హైదరాబాద్ కోఠిలో బస్సు దిగి సుల్తాన్‌బజార్ వైపు నాలుగడుగులు వేస్తే చాలు, కరెంటు స్తంభాలకి కట్టిన బోర్డులు వరసపెట్టి కనపడతాయి. బాయ్స్ హాస్టల్, గర్ల్స్ హాస్టల్, టూ షేరింగ్, త్రీ షేరింగ్, ఇంకాస్త లోపలికి పోతే సిక్స్ షేరింగ్ కూడా. ఇంకొన్ని గల్లీలు దాటితే తాళం వేసిన పాత దేవిడీ, అంటే నవాబుల కాలం నాటి పెద్ద ఇల్లు ఒకటి తగులుతుంది, కమాన్ (గుమ్మం మీది ఆర్చీ) పగుల్లో రావి మొక్క మొలిచి ఉంటుంది, దర్వాజా కింద నుంచి చూస్తే లోపల వాకిలి, చుట్టూ వరండా, ఖాళీ గదులు. ఇటు చూస్తే పిల్లలకి రూములు లేవు, అటు చూస్తే రూములకి మనుషుల్లేరు, మరి ఈ రెండిటినీ కలిపేస్తే పోలా అని ఎవరికైనా అనిపిస్తుంది. నాక్కూడా అలాగే అనిపించింది, తర్వాత అందులోకి దిగి చూస్తే ఒక చిక్కు విప్పితే ఇంకోటి బిగుసుకుంటోంది. ఆ చిక్కులేంటో ఇక్కడ ఒకసారి విడదీసి చెప్తాను.

ముందు ఒక మాట, ఇదేం కొత్త ఆలోచన కాదు. తర్వాత రోజుల్లో సిటీ కొత్వాల్‌గా, అంటే నగర పోలీసు పెద్దగా పేరుపడ్డ రాజా బహదూర్ వెంకటరామారెడ్డి గారి చొరవతో 1918లో మొదలైన రెడ్డి హాస్టల్ నగరం నడిబొడ్డున పెట్టిందే, సురవరం ప్రతాపరెడ్డి గారు దాని బాధ్యతలు చూసినవాళ్ళే. ఊళ్ళ నుంచి చదువుకోడానికొచ్చిన పిల్లాడికి పట్నం మధ్యలో ఒక గది, ఒక పూట భోజనం దొరికితే ఏమవుతుందో ఈ నగరానికి వందేళ్ళ కిందటే తెలుసన్నమాట. బయట చూస్తే ఇటలీలో బొలోన్యా అనే ఊళ్ళో 1360లలో కట్టిన స్పెయిన్ కాలేజీలో ఇప్పటికీ స్పెయిన్ నుంచొచ్చిన విద్యార్థులే ఉంటున్నారు, మధ్యలో వాకిలి, చుట్టూ రెండంతస్తుల వరండాలు, వాటి వెనక గదులు. మన దేవిడీ ప్లాన్ చూసినవాళ్ళకి అది చాలా తెలిసిన మొహంలా ఉంటుంది.

ఇక అవసరం సంగతి. ఉస్మానియా మెడికల్ కాలేజీ కోఠిలోనే ఉంది. పాత బ్రిటిష్ రెసిడెన్సీలో 1949 నుంచి ఆడపిల్లల కాలేజీ నడుస్తోంది, 2022లో అది మహిళా యూనివర్సిటీ అయ్యింది. హైకోర్టు పక్కన సిటీ కాలేజీ, చార్మినార్ పక్కన యునానీ వైద్యం నేర్పే నిజామియా తిబ్బీ కాలేజీ. మెట్రో రెడ్ లైన్‌లో ఉస్మానియా మెడికల్ కాలేజీ పేరు మీద ఒక స్టేషన్, గ్రీన్ లైన్‌లో సుల్తాన్‌బజార్ స్టేషన్, రెండూ కలిసే చోట ఎంజీబీఎస్ (మహాత్మా గాంధీ బస్ స్టేషన్). అంటే ఇక్కడ రూము దొరికిన పిల్లలకి బండి అక్కర్లేదు, సగంమందికి బస్ పాస్ కూడా అక్కర్లేదు. పర్యావరణం అని మాట్లాడేటప్పుడు అందరూ మర్చిపోయేది ఇదే, ఊరవతల గ్రీన్ బిల్డింగ్ కట్టి రోజూ రెండు గంటలు బస్సులో తిప్పితే ఆ గ్రీన్ అంతా డీజిల్‌లోనే పోతుంది.

సస్టైనబుల్, అంటే పర్యావరణానికి భారం కాని కట్టడం అనగానే మనవాళ్ళు మొదట చూసేది పైకప్పు మీద సోలార్ ప్యానెల్. అది మంచిదే, దాని లెక్క తర్వాత చెప్తా. కానీ అసలు మిగులు అంతకంటే ముందే ఉంది, కూలగొట్టకపోవడంలో. ప్రపంచం మొత్తం వదిలే కార్బన్ డై ఆక్సైడ్‌లో సుమారు 7-8 శాతం ఒక్క సిమెంటు తయారీదే. పాత ఇంటి గోడల్లోని రాయి, ఇటుక, సున్నం మీద పెట్టాల్సిన ఖర్చు, కాల్చాల్సిన కట్టె, బొగ్గు అన్నీ వందేళ్ళ కిందటే అయిపోయాయి. దాన్ని పడగొట్టి, ఆ చెత్తని లారీల్లో ఊరవతలికి తోలి, అదే జాగాలో ఐదంతస్తుల స్లాబులు పోసి ఎల్ఈడీ బల్బులు పెట్టామని చెప్పుకుంటే ఆ లెక్క ఎన్నేళ్ళకి సరిపోతుందో మీరే చూసుకోండి.

పైగా ఆ గోడలు ఊరికే నిలబడి లేవు, పని చేస్తున్నాయి. రెండడుగుల మందం గోడకి మధ్యాహ్నం తగిలిన వేడి లోపలికి దిగేసరికి రాత్రవుతుంది. మనది దక్కన్ పీఠభూమి, ఏప్రిల్ మే నెలల్లో పగలు 40 దాటినా రాత్రికి కాస్త చల్లబడుతుంది కాబట్టి ఆ టైములో కిటికీలు, పైన వెంటిలేటర్లు తెరిచి ఉంచితే గోడలోని వేడి బయటికి పోయి మర్నాటికి గోడ మళ్ళీ సిద్ధంగా ఉంటుంది. మధ్యలో వాకిలి ఉన్నది కూడా అందుకే, పైకి లేచిన వేడిగాలి అక్కడినుంచి పోతుంది, వరండా నీడ గది కిటికీ మీద ఎండ పడనివ్వదు. ఇదంతా కరెంటు లేని రోజుల్లో నడిచిన ఏర్పాటు.

మరి మనం ఏం చేస్తాం? నేను చదువుకునే రోజుల్లో రెండేళ్ళు ఇలాంటి ఒక పాత ఇంట్లోనే ఉన్నా, కోఠి దగ్గర్లోనే, పేరెందుకులెండి. పద్నాలుగడుగుల ఎత్తు గది, దాన్ని మధ్యలో ప్లైవుడ్‌తో అడ్డంగా కోసి రెండు గదులు చేశారు. ఫ్యాను అటు గదికి పోయింది, వెంటిలేటర్ ఇటు గదికి వచ్చింది. మాకు గాలి వచ్చే దారుంది గానీ తిప్పేది లేదు, పక్కవాళ్ళకి తిప్పేది ఉంది గానీ వచ్చే దారి లేదు. వాకిలి మీద వాన పడుతోందని ఫైబర్ షీటు కప్పేశారు, దాంతో ఇల్లు మొత్తానికి ఉన్న ఒక్క చిమ్నీ మూసుకుపోయింది. గోడలు పెచ్చులూడుతున్నాయని నాలుగడుగుల ఎత్తు దాకా సిమెంటు ప్లాస్టరింగ్ చేయించారు. అప్పుడు నాకు తెలీలేదు, ఆ పని గోడని బాగుచెయ్యడం కాదు, దాని ముక్కు మూసెయ్యడం.

ఎందుకంటే డంగు సున్నంతో, అంటే గానుగలో ఆడించిన సున్నంతో కట్టిన గోడ తడిని పీల్చుకుంటుంది, మళ్ళీ ఆరబెట్టుకుంటుంది. నేలలోంచి పైకి ఎక్కిన చెమ్మ సున్నపు పూత లోంచి ఆవిరైపోతుంది. దానిమీద సిమెంటు వేస్తే ఆ చెమ్మ బయటికి రాలేక ఇంకా పైకి ఎక్కుతుంది, సిమెంటు పూత ఆగిన చోట, నాలుగడుగుల పైన, ఉప్పు తేలి మళ్ళీ పెచ్చులు ఊడటం మొదలవుతుంది. అప్పుడు మేస్త్రీ వచ్చి ఇంకో రెండడుగులు వేద్దాం సార్ అంటాడు. సున్నం గానుగలో ఆడించి, బెల్లం నీళ్ళు, కరక్కాయ కలిపి పూసే పని తెలిసిన మేస్త్రీలు తక్కువైపోయారు, ఉన్నవాళ్ళ కూలి ఎక్కువ, పని నిదానం, పూత ఆరడానికి వారాలు పడుతుంది. హాస్టల్ ఓనర్‌కి జూన్‌లో అడ్మిషన్లు మొదలయ్యేలోపు అంతా అయిపోవాలి. సిమెంటు గెలవడానికి సగం కారణం ఈ క్యాలెండరే అని నా అనుమానం.

ఇప్పుడు బరువు దగ్గరికి వద్దాం, అసలు ప్రమాదం ఇక్కడే ఉంది, ఎవరూ పట్టించుకోనిదీ ఇదే. ఈ ఇళ్ళ మిద్దెలు రెండు మూడు రకాలు. చెక్క దూలాల మీద ఇటుకలు నిలబెట్టి సున్నం పోసినవి ఒక రకం, ఇనప గర్డర్ల మధ్య చిన్న చిన్న ఇటుక ఆర్చీలు తిప్పినవి ఇంకో రకం. మనుషులు తిరిగే గదికి డిజైన్ లెక్కలో చదరపు మీటరుకి సుమారు 200 కిలోల బరువు అనుకుంటారు. మంచాలు, పుస్తకాలు, నలుగురు పిల్లలు, అదంతా ఇందులో సర్దుకుంటుంది. కానీ మిద్దె మీద ప్లాస్టిక్ ట్యాంకు పెడితే? ఒక మీటరు లోతు నీళ్ళంటే చదరపు మీటరుకి 1000 కిలోలు, అయిదింతలు. ఒకటి కాదు, హాస్టల్ అనగానే అలాంటివి వరసగా ఆరు పెడతారు, అవీ పైపులు కలపడానికి వీలుగా అన్నీ ఒకే మూల. ఇంకోపక్క పై అంతస్తులో గదికో అటాచ్డ్ బాత్రూం. గర్డర్ ఆర్చీ మీద బాత్రూం కట్టడమంటే ఇనుముకి రోజూ నీళ్ళు పోసి తుప్పు పెంచడమే, తుప్పు పట్టిన ఇనుము ఉబ్బుతుంది, ఉబ్బిన ఇనుము పక్కనున్న ఇటుకని పగలగొడుతుంది. కింద గదిలో సీలింగ్ మీద పొడుగ్గా గీతలా పగులు కనపడితే చాలాసార్లు కథ అదే.

దీనికి విరుగుడు మన పాత ఇళ్ళలోనే ఉంది, నీళ్ళ పనులన్నీ పెరట్లో ఉండేవి. కాబట్టి బాత్రూంలు, లెట్రిన్లు, ట్యాంకులు అన్నిటినీ పాత గోడని తాకకుండా వెనక పెరట్లో విడిగా ఒక కొత్త చిన్న బ్లాకులో కట్టాలి, స్టీలు కాళ్ళ మీద దాని బరువు అదే మోసుకోవాలి, పాత ఇంటికీ దానికీ మధ్య ఒక చిన్న వంతెన లాంటి నడవ ఉంటే చాలు. గదికి అటాచ్డ్ కావాలి అనే పిల్లలకి ఇది నచ్చదు, నిజమే. అర్ధరాత్రి వరండా దాటి వెళ్ళాలి, ఆడపిల్లల హాస్టల్ అయితే ఆ నడవలో లైటు, గడియ, మూత అన్నీ పక్కాగా ఉండాలి. కానీ వీటిలో ఏదీ మిద్దె కూలడమంత ఇబ్బంది కాదు.

పద్నాలుగడుగుల ఎత్తు చూస్తే ఎవరికైనా మధ్యలో ఇంకో అంతస్తు వేసేద్దామని చెయ్యి దురద పుడుతుంది. గోడకి రంధ్రాలు కొట్టకుండా తన కాళ్ళ మీద తను నిలబడే ఎత్తు మంచం ఒకటి చేయిస్తే, పైన పడక, కింద రాత బల్ల, పక్కన అల్మారా, అన్నీ ఒక మంచం జాగాలోనే అయిపోతాయి. రేపు హాస్టల్ ఎత్తేసినా బోల్టులు విప్పి పట్టుకుపోవచ్చు, ఇల్లు ఎలా ఉన్నది అలాగే ఉంటుంది. పాత ఇంట్లో చేసే ప్రతి పనికీ ఇదే కొలత పెట్టుకోవాలని నా పట్టుదల, చేసిన పనిని పదేళ్ళ తర్వాత వెనక్కి తీసెయ్యగలమా లేదా.

నీళ్ళ లెక్క ఒకటి వేద్దాం. హాస్టల్‌లో మనిషికి రోజుకి 135 లీటర్లు అనేది మన ప్రమాణాల్లో ఉన్న అంకె. 60 మంది పిల్లలంటే 8,100 లీటర్లు, అంటే 5,000 లీటర్ల ట్యాంకర్ ఒకటిన్నరకి పైనే, రోజూ. అందులో 80 శాతం, అంటే దాదాపు 6,500 లీటర్లు, తిరిగి మోరీలోకి పోతుంది. అదే ఇంట్లో ఒకప్పుడు పన్నెండు మంది కుటుంబం ఉండేది అనుకుంటే వాళ్ళు వదిలేది 1,300 లీటర్లు. గల్లీ కింద పైపు మాత్రం అదే. ఒక్క ఇల్లు హాస్టల్ అయితే ఎలాగో నెట్టుకొస్తుంది, అదే గల్లీలో నాలుగు ఇళ్ళు హాస్టళ్ళు అయితే వానాకాలంలో మ్యాన్‌హోల్ మూత తనంతట తనే లేస్తుంది, ఆ నీళ్ళు పోయేది హాస్టల్ ఓనర్ ఇంట్లోకి కాదు, ఎదురుగా కింద కుట్టుమిషన్ పెట్టుకున్నాయన దుకాణంలోకి.

ఇంకుడు గుంత తవ్వేసి వాన నీళ్ళు పట్టేస్తే సమస్య తీరిపోతుందని చాలామంది చెప్తారు. హైదరాబాద్‌లో ఏడాదికి సుమారు 800 మిల్లీమీటర్ల వాన. 300 చదరపు మీటర్ల మిద్దె మీద పడే వానలో అయిదోవంతు పోయినా 1,92,000 లీటర్లు చేతికొస్తాయి. వినడానికి భలే ఉంది కదా, 60 మందికి అది 24 రోజులు కూడా రాదు. పట్టొద్దని అనట్లేదు, పట్టాల్సిందే, కాకపోతే గుంత మాత్రం గోడకి దూరంగా ఉండాలి, పునాది పక్కనే తవ్వితే సున్నపు గోడకి మళ్ళీ చెమ్మ. అసలు లాభం స్నానాల నీళ్ళలో ఉంది. సబ్బు నీళ్ళని ఇసక, కంకర పొరల్లో వడగట్టి ఫ్లష్‌లకి వాడితే మనిషికి రోజుకి 45 లీటర్ల దాకా మిగులుతుంది, 60 మందికి 2,700 లీటర్లు. నల్లా మీద అంత తగ్గుతుంది, మోరీ మీద కూడా అంతే తగ్గుతుంది. గల్లీవాళ్ళతో గొడవ కూడా ఆ మేరకు తగ్గుతుంది.

సోలార్ సంగతి చెప్తా అన్నా కదా. ఒక కిలోవాట్‌కి సుమారు పది చదరపు మీటర్లు, రోజుకి సగటున నాలుగు యూనిట్లు. వీధిలోకి కనపడకుండా వెనక వైపు మూడు కిలోవాట్లు పెడితే రోజుకి 12 యూనిట్లు. 30 వాట్ల కొత్త రకం ఫ్యాన్లు ముప్పై, రోజుకి పన్నెండు గంటలు తిరిగితే 11 యూనిట్ల లోపే. అంటే హాస్టల్ మొత్తం ఫ్యాన్లు ఎండ మీదే నడిచాయి. పాత 75 వాట్ల ఫ్యాన్లయితే 27 యూనిట్లు కావాలి. ఏసీలు పెడితే ఈ లెక్కలన్నీ గాలికే, అందుకే గోడల్ని ముందు ఊపిరి పీల్చుకోనివ్వమన్నది.

మంటల విషయం మాత్రం తేలిగ్గా తీసుకోలేం. 2025 మే 18న గుల్జార్ హౌజ్ దగ్గర, చార్మినార్‌కి కూతవేటు దూరంలో, కింద దుకాణాలు పైన ఇల్లు ఉన్న పాత భవనంలో నిప్పంటుకుని ఒకే కుటుంబానికి చెందిన 17 మంది చనిపోయారు, అందులో చిన్నపిల్లలూ ఉన్నారు. లోపలికి దారి ఇరుకు, మెట్లు ఒక్కటే. ఆ వార్త చదివాక పాత ఇంట్లో అరవై మందిని పెడదాం అనే మాట నా నోట్లోంచి అంత సులువుగా రావట్లేదు. రెండో మెట్లదారి లేకుండా పై అంతస్తులో ఒక్క మంచం కూడా వెయ్యకూడదు. వాకిలి వైపు గానీ పెరటి వైపు గానీ బయటి మెట్లు, అదీ మొదటి మెట్లకి దూరంగా, వాకిలి ఒక్కటే దారి కాకుండా పెరట్లోంచి ఇంకో గల్లీలోకి పడేలా. వైరింగ్ మొత్తం కొత్తది, గోడ తవ్వకుండా పైనే ఇనప గొట్టాల్లో. వంట కింద, విడిగా. మెట్ల కింద బండ్లు, చార్జింగ్ బండ్లు అసలే వద్దు. ఫైర్ ఇంజన్ రాలేని గల్లీ అయితే దగ్గరి పెద్ద రోడ్డు దాకా గొట్టం ఎంత పొడుగు కావాలో ముందే కొలవాలి. ఇవి పెట్టినందుకు కొన్ని గదులు పోతాయి, పోనివ్వండి.

ఇక్కడ నా అసలు మాట. హాస్టల్ ప్లాన్ వేసేటప్పుడు అందరూ అడిగే మొదటి ప్రశ్న "ఎన్ని బెడ్లు పడతాయి?" గదుల వైశాల్యం తీసుకుని మంచం సైజుతో భాగిస్తారు, 90 అని వస్తుంది, తర్వాత ఆ 90కి నీళ్ళు, మెట్లు, బాత్రూంలు ఎలాగోలా ఇరికిస్తారు. ఇది తిరగెయ్యాలి. గల్లీ మోరీ ఎంత మోస్తుంది, పెరట్లో ఎన్ని బాత్రూంలు పడతాయి, రెండు మెట్ల మీదుగా ఎంతమంది తొక్కిసలాట లేకుండా దిగగలరు, మిద్దె ఎంత బరువు ఆగుతుంది, ఈ నాలుగింటిలో ఏది తక్కువ అంకె ఇస్తే అదే బెడ్ల సంఖ్య. అది 50 రావచ్చు, 35 రావచ్చు.

అయితే 90 బెడ్ల ఆశ చూపించాక 50కి ఓనర్ ఎందుకు ఒప్పుకుంటాడు? ఈ ఇళ్ళకి ఓనర్ అంటే ఒక మనిషి కాదు, పదకొండు మంది వారసులు, అందులో ఇద్దరు అమెరికాలో, ఒకరు సౌదీలో, ఇద్దరికి పడదు. బిల్డర్ వచ్చి కూలగొట్టి అపార్ట్‌మెంట్ కడితే పదకొండు ఫ్లాట్లు పంచుకోవచ్చు, దేవిడీని మాత్రం పదకొండు ముక్కలు చెయ్యలేం. అందుకే ఇది రూము అద్దె సమస్య కంటే ముందు కుటుంబ సమస్య. యూనివర్సిటీయో ప్రభుత్వమో మధ్యలోకి వచ్చి పదిహేను ఇరవై ఏళ్ళ లీజు రాసి, పిల్లలు నిండినా నిండకపోయినా నెలనెలా ఎవరి వాటా వాళ్ళ అకౌంట్‌లో పడేస్తాం అంటేనే ఆ పదకొండు సంతకాలు పడతాయి. ఒక్క హాస్టల్ ఓనర్ మూడేళ్ళ లీజు మీద డంగు సున్నం పని చేయిస్తాడనుకోవడం మన అమాయకత్వం. కింద దుకాణాలుంటే వాటిని కదపకూడదు, 1908 మూసీ వరద తర్వాత పుట్టిన సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు చార్మినార్ దగ్గరి పత్తర్‌గట్టీ బజారులో కట్టించింది అదే పద్ధతిలో, కింద వ్యాపారం, పైన ఇల్లు. దుకాణాల అద్దె పైన తగ్గిన బెడ్లని మోస్తుంది.

చట్టం గురించి భయాలు ఎక్కువ, వివరాలు తక్కువ. చార్మినార్ లాంటి కేంద్ర రక్షిత కట్టడాల చుట్టూ 100 మీటర్ల దాకా కొత్త కట్టడం నిషేధం, ఆ తర్వాత ఇంకో 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం, ఇది 2010లో సవరించిన చట్టం. కానీ ఆ 100 మీటర్లలో ఉన్న ఇంటికి రిపేర్లు చేసుకోవచ్చు, అనుమతి తీసుకోవాలి అంతే. నే చెప్పిన పెరటి బ్లాకు మాత్రం కొత్త కట్టడం కిందికే వస్తుంది కాబట్టి అక్కడ కుదరదు, అలాంటి ఇంట్లో బాత్రూంలు కింద అంతస్తులోనే సర్దుకోవాలి, బెడ్లు ఇంకా తగ్గుతాయి. కోఠి వైపు కేంద్ర రక్షిత కట్టడాల బాధ అంతగా లేదు, అక్కడ రాష్ట్రం 2017లో తెచ్చిన హెరిటేజ్ చట్టం, మున్సిపల్ రూల్స్ చూసుకోవాలి. చాలామంది ఓనర్లు హెరిటేజ్ లిస్టులో పేరు పడితే ఇల్లు గవర్నమెంట్ లాక్కుంటుందని అనుకుంటారు, అలా ఏం లేదు, ఇల్లు వాళ్ళదే. ఆ భయంతోనే కొందరు వానల్లో కప్పు తనంతట తను కూలేదాకా తాళం వేసి కూర్చుంటారు.

చుట్టుపక్కలవాళ్ళ సంగతి కూడా ఉంది. హాస్టళ్ళు లాభమని తెలిస్తే కిరాయికున్న కుటుంబాల్ని ఖాళీ చేయిస్తారు, గల్లీలో బడికెళ్ళే పిల్లలు మాయమై అందరూ ఇరవై ఏళ్ళవాళ్ళే మిగులుతారు, మే నెలొస్తే గల్లీ మొత్తం ఖాళీ. కాబట్టి తాళం వేసిన ఇళ్ళే తీసుకోవాలి, మనుషులున్న ఇళ్ళు కాదు.

చివరికి ఎలా మొదలుపెట్టాలి అంటే, అంతా ఒకేసారి వద్దు. మొదటి ఏడాది కింద అంతస్తు మాత్రమే, ఇరవై మంది చాలు. పై అంతస్తు పగుళ్ళ మీద అడ్డంగా సన్నటి గాజు ముక్కలు అతికించి తేదీ రాసి పెడతారు, ఇది పాత ఇంజనీర్ల పద్ధతి, పగులు కదిలితే గాజు విరుగుతుంది. ఒక వానాకాలం, ఒక ఎండాకాలం గడిచాక వెళ్ళి చూడాలి. గాజు అలాగే ఉంటే పైన గదులు తెరవొచ్చు. విరిగితే ఆ గదుల్లో ఇంకో ఏడాది పిల్లలు బట్టలారేసుకుంటారు.